వెడల్పు మెడ గిటారు

బెంగళూరు

నాయనకు హుసేనప్ప సలాములు. ఒళ్ళు బాగుంది, హోటల్ బ్యాండులో పని ఖాయమైంది, దిగులుపడవద్దు.

పాతసామాన్ల అంగడిలో కరెంటుతో మోగే గిటారు ఒకటి కొన్నాను. దాని మెడ మామూలు గిటార్లకంటే బాగా వెడల్పు. అంగడాయన మన వైపు కదిరి మనిషే. "ఏమప్పా, కొన్నోళ్ళంతా యేళ్ళు అందలేదని వాపసు తెచ్చినారు, నీకెందుకు?" అన్నాడు. నా చేతికి మాత్రం ఇట్టే అమరింది. చిన్నప్పటినుంచి నీతో దూది ఏకే విల్లు పట్టి లావెక్కిన వేళ్ళు కదా! సన్నమెడ మీద ఒక తీగె నొక్కబోతే రెండు నొక్కుకునేవి. "యాడ నేర్చినావన్నా ఈ పట్టు?" అన్నాడాయన. "మా నాయన కాడ" అన్నాను.

పామిడిలో వాన పడిందా? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఈ ఏడు దూది రాలేదని విల్లును పొయ్యిలో పెడతానన్నావట, చెల్లెలు రసూల్‌బీ రాసింది. పెట్టొద్దు నాయనా. వాళ్ళిద్దరికీ నా సలాం చెప్పు.

పని లేని పూట గదిలో కరెంటు పెట్టకుండానే వాయించుకుంటాను. అప్పుడది సన్నగా, నువ్వు పక్క వీధిలో ఎవరి పరుపుకో దూది ఏకుతున్నట్టు మోగుతుంది. ఆ చప్పుడు ఆగితే నువ్వు ఇంటికొచ్చేవాడివి. ఇప్పటికీ వాయించడం ఆపగానే వాకిలివైపు చూస్తాను.