ట్రూడీ అడుగుల పుస్తకంలో నేను రాసిన సున్నాలు

పశువైద్య కళాశాల పరిశోధనా విభాగాధికారి గారి సముఖమునకు,

ఐయోవా రాష్ట్రం, సూ కౌంటీలో ముప్పై ఏళ్ళు మొక్కజొన్న సేద్యం, పందుల పెంపకం చేసి ప్రస్తుతం ఏ పనీ చేయలేని వెర్లిన్ హోక్‌స్ట్రా, వయస్సు 61, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ట్రూడీ అను కుక్క (పొట్టికాళ్ళ డాక్స్‌హుండ్ జాతి, ఆడది, వయస్సు అయిదు) ఇంటి నడక పుస్తకములో తొమ్మిది వారాల తప్పుడు నమోదులను సరిదిద్దుట గురించి, మరియు ఈ అర్జీదారుని సొంత వెన్ను గురించి.

1. ఆరేళ్ళ క్రితం ధాన్యపు గాదె నిచ్చెన మీదనుండి పడి ఈ అర్జీదారునికి నడుము దిగువన స్పర్శ, కదలిక పోయినవి. అప్పటినుండి చక్రాల కుర్చీయే ఆధారము. మరుసటి చలికాలం నా భార్య ఆర్లిస్, పగలంతా ఒక్కడినే ఉంటున్నానని సదరు కుక్కను పిల్లగా తెచ్చినది.

2. గత అక్టోబరులో సదరు కుక్క సోఫా మీదనుండి దూకగా వెన్నుపూసల మధ్య బిళ్ళ జారి వెనక కాళ్ళు రెండూ చచ్చుబడినవి. దానికి కూడా చిన్న చక్రాల బండి కట్టించితిమి. వంటింటి మలుపులో మేమిద్దరం ఇరుక్కుంటే ఆర్లిస్ వచ్చి ముందు దాన్ని, తర్వాత నన్ను విడదీసేది. అధికారి గారికి సిగ్గు విడిచి చెప్పుకుంటున్నాను, ఆ నాలుగు నెలలూ నాకు ఇంట్లో సొంత మనిషి ఉన్నట్లుండేది.

3. ఫిబ్రవరిలో తమ కళాశాల డాక్టర్ కరీన్ లిండ్‌క్విస్ట్ గారు సదరు కుక్క వెన్నులోకి సూదిమందు ఎక్కించిరి. అది ఒక సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీననీ, వెన్నుపాములో దెబ్బ తగిలిన చోట గట్టిపడిన మచ్చను కరిగిస్తుందనీ, అప్పుడు నరాల పోగులు దాన్ని దాటి మళ్ళీ పెరగవచ్చుననీ సెలవిచ్చిరి. ఆ సూక్ష్మజీవి ఎక్కడుంటుందని అడిగితే, మట్టిలో, పేడలో అన్నారు. ముప్పై ఏళ్ళు పందుల పేడలో తిరిగినవాడిని. దానికి కావలసినవాడు ఎవరైనా ఉంటే నేనే కదా అనిపించింది.

4. ప్రతి ఆదివారం కుక్కను పన్నెండు అడుగుల పొడవున్న చాప మీద వదిలి, వెనక కాళ్ళతో వేసిన అడుగులు లెక్కపెట్టి పుస్తకంలో రాసి, మే నెల పరీక్షనాడు తమకు అప్పగించాలి. ఆర్లిస్ చర్చి వంటశాలలో ఉంటుంది గనుక ఆ పని నాకు అప్పగించబడినది. మొదటి నాలుగు వారాలు సున్నా. ఆ సున్నాలు నిజమైనవి.

5. అయిదో వారం సదరు కుక్క లేచి నాలుగు అడుగులు వేసినది. నేను సున్నా అని రాసితిని.

ఎందుకని తమరు అడుగుతారు. చెప్పడానికే ఈ అర్జీ. ఆ కుక్క లేచి నిలబడి నావైపు చూసింది, ఏమంత విశేషం కానట్టు. ఆరేళ్ళు నేను నా బొటనవేలిని చూస్తూ కదులు, కదులు అని బతిమాలుకున్నాను. దానికి ఒక్క సూదితో వచ్చేసింది. దేవుణ్ణి అడగలేదు, పళ్ళు బిగించి వ్యాయామాలు చేయలేదు. పడుకుని తోక ఆడించింది, అంతే.

6. ఏప్రిల్‌లో ఒకనాడు ఆర్లిస్ ఇంటికి వచ్చేసరికి సదరు కుక్క మెట్లు దిగి, కంకర దారి వెంట తూలుతూ టపా పెట్టె దాకా ఎదురు వెళ్ళినది. ఆర్లిస్ చేతిలోవి కింద పడేసి కంకరలో కూలబడి ఏడుస్తూ నవ్వింది. కిటికీలోంచి చూస్తున్నాను. ఆరేళ్ళలో ఆమె గొంతులో ఆ నవ్వు వినలేదు. పెళ్ళయిన కొత్తల్లో నాకోసం నవ్వేది అలా. లోపలికి వచ్చి పుస్తకంలో రాశావా అని అడిగితే రాశానన్నాను. ఆ సాయంత్రం నుంచి ఆమే, కుక్కా ఇద్దరూ వాగు దాకా నడకకి వెళ్ళడం మొదలుపెట్టారు.

7. అప్పుడు డాక్టర్ గారికి ఫోను చేసి, అదే సూది నాకు కూడా వేయమని కోరితిని. "మనుషుల దాకా ఇంకా రాలేదండీ, హోక్‌స్ట్రా గారూ," అన్నారు. నన్ను కుక్కల జాబితాలోనే చేర్చుకోండి, పేరు మార్చుకుంటాను, అభ్యంతరం లేదన్నాను. ఆమె నవ్వలేదు. "మీరు ఆదివారం ఆదివారం రాస్తున్నారు చూడండి, ఆ పుస్తకాలే దీన్ని మనుషుల దాకా తీసుకెళ్ళేవి," అన్నారు.

ఆ మాట నాకు బాగా అర్థమయింది. అయిననూ ఆ ఆదివారం కూడా సున్నాయే రాసితిని. ఇంతకంటే పెద్ద నేరం ఈ అర్జీలో లేదు.

8. మే నెల పరీక్షకు, ఆర్లిస్‌కు వీలుకాక, పొరుగువాని బండిలో నేనే తీసుకురాగా సదరు కుక్క బెదిరి, బల్ల కింద వణుకుతూ కూర్చున్నది గాని నడవలేదు. కావున తమవారు నా పుస్తకాన్నే నమ్మి "ప్రయోజనం లేదు" అని నమోదు చేసిరి. అటువంటి నమోదులు ఇంకొన్ని చేరితే ఈ మందు పరిశోధనే నిలిపివేయవచ్చునని తమ ఉత్తరము వచ్చినది. ఆర్లిస్ దాన్ని వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివింది. కుక్క ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతోంది.

"సున్నా అని ఎవరు రాశారు?"

"నేనే."

"కుక్కని చూసి ఏడ్చావా, వెర్లిన్?"

"కుక్కని చూసి కాదు. దాని పక్కన నువ్వు నడుస్తావు చూడు, అది చూసి."

మూడు రోజులు ఆమె నడకకి వెళ్ళలేదు. నాలుగోనాడు కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "నీకు కాళ్ళు రావాలని ఈ భూమ్మీద నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్ళు లేరు. ఆ కాళ్ళొచ్చే దారికే నువ్వు అడ్డం పడ్డావు. రాయి," అన్నది.

9. కావున అసలు అంకెలు ఇందుమూలముగా సమర్పించుకొనుచున్నాను. నాలుగు, నాలుగు, తొమ్మిది, పదకొండు, పదకొండు, పదిహేడు, ఇరవై రెండు, ఇరవై ఆరు. ఏ కాగితమూ చూడకుండా రాస్తున్నాను. ఓర్వలేనివాడు లెక్క తప్పడు. ఆఖరి వారం అంకె ఇవ్వలేను, అది పరుగెత్తింది. ఆర్లిస్ ఫోనులో తేదీలతో వీడియోలు ఉన్నవి, జతపరచడమైనది.

నా తప్పుకు ట్రూడీని జాబితానుంచి తొలగించవద్దనీ, ఆ మందుకు రావలసిన మంచిపేరు దానికి ఇప్పించవలసినదనీ వేడుకొనుచున్నాను. నేను మారాననిగాని, ఆ కుక్క గుమ్మం దాటుతుంటే నాకు కడుపు మండటం లేదనిగాని తమరు భావించవద్దు. మండుతూనే ఉన్నది. అంకెలు మాత్రం నిజమని చిత్తగించవలెను.

ఇట్లు, కూర్చున్నచోటనుండి,
తమ విధేయుడు,
వెర్లిన్ హోక్‌స్ట్రా

తా.క. ఆర్లిస్ ఇది చదివి, మనుషులకు మొదలుపెట్టినప్పుడు నాకంటే చిన్నవాళ్ళకు, పిల్లలు గలవాళ్ళకు ముందు వేయమని ఒక వాక్యం చేర్చమన్నది, మర్యాదగా ఉంటుందట. చేర్చలేదు. ముందు నాకే వేయండి.