నాలుగు ప్రశ్న గుర్తులు

సరోజా,

నువ్వు పోయి ఏడాదయిందని నిన్న సాయంత్రం నీ చిమ్మటల బకెట్‌ను మళ్ళీ పెరట్లో పెట్టాను. పైన రాత్రి వాటిని రప్పించే బల్బు, లోపల అవి దాక్కునే కోడిగుడ్ల అట్టలు, అన్నీ నువ్వు పెట్టినట్టే. పొద్దున మేట్టుపాళయంలో నా షిఫ్టుకు బయలుదేరబోతూ చూస్తే అట్ట గుంటలో ఒకే ఒక్క గడ్డి చిమ్మట ఉంది. ఎండు గడ్డిపరక ముక్కలా సన్నగా, ముక్కు ముందుకు పొడుచుకొచ్చి.

దాన్ని సీసాలో వేసుకుని నీ నోటుపుస్తకం తెరిచాను. అచ్చం అలాంటి బొమ్మలే ఆరున్నాయి. రెండింటికి వేరువేరు పేర్లు రాశావు, మిగతా నాలుగింటి పక్కన ప్రశ్న గుర్తులు. సీసాలోదాన్ని భూతద్దంలో చూస్తే ఒకసారి రెక్క మీద గీత ఉన్నట్టుంది, ఇంకోసారి లేదు. ఇదేం పద్ధతి? "సైన్సు టీచరమ్మకే తెలియదా" అని అప్పట్లో నిన్నెంత ఏడిపించానో.

విసుగొచ్చి, మీ బడిలో టీచరు కలావతికి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"పైపైన చూస్తే యాడ తెలుస్తాదన్నా? చంపి, కడుపు కోసి చూస్తేనే పేరు చెప్పేకయ్యేది. అక్క ఒక్కదాన్ని గూడా చంపలే. తమంతట తాము చచ్చిపడిన రెండిటికే పేర్లు రాసె, మిగతావాటికి ప్రశ్న గుర్తు పెట్టి వదిలేస్తా ఉండె."

ఈ మాట నాకెందుకు చెప్పలేదు? నేను నవ్వితే నువ్వూ నవ్వి ఊరుకునేదానివి.

తేదీ వేసి, నేనూ ఒక ప్రశ్న గుర్తు పెట్టి, సీసా మూత తీశాను. అది ఎగిరిపోలేదు. వచ్చి పేజీ మీద ఆ గుర్తు పక్కనే కూర్చుంది. షిఫ్టు వేళ దాటిపోయింది. ఇప్పుడు పుస్తకం మూయాలో వద్దో నువ్వెక్కడా రాయలేదు.