శుభవార్త మీద సంతాపం

సెక్టర్ 2, భిలాయి
ఆగస్టు, 2009

చిరంజీవి ఎబెన్‌కు, ప్రభువు పేరిట నీ చిన్నాన్న దీవెనలు.

అంతా క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మన తెలుగు చర్చికి నేను నడిపే వెబ్ పేజీ నీకు తెలుసు కదా. చర్చి నల్లబల్ల మాదిరే ఒకటే పేజీ. పాత కబురు చెరిపి కొత్తది రాస్తాను. మొన్న జ్ఞానప్రసూనమ్మ గారి మరణవార్త చెరిపి, మన జూడీకి నందిని గనుల్లో పనిచేసే ఇమ్మానుతో సంబంధం ఖాయమైందని ‘శుభవార్త’ రాశాను. పిల్ల ఫోటో కూడా పెట్టాను.

ఆ పేజీని మీ ఆఫీసువాళ్ళ ‘జట్టుకట్టు’ సైటు మీదుగా తెరిస్తే పైన మీ పట్టీ ఒకటి వస్తోంది. దాని మీద ‘సంతాపం’ అని ఉంది. పక్కన వరసగా ఏడుపు బొమ్మలు. కింద నా కూతురు. పేజీ నాది, పట్టీ మీది. ఒకరి ఇంటికి ఇంకొకరు బోర్డు కట్టడమేమిటి? పెళ్ళివారి కంట పడకముందే తీయించు.

ఇట్లు,
నీ చిన్నాన్న దేవానందం

తా.క. ఈ-మెయిల్ మానేసి ఇన్లాండు రాస్తున్నాను. దీని మీద మీవాళ్ళు పట్టీ వేయలేరు.

•

హైదరాబాదు

చిన్నాన్న గారికి ఎబెన్ వందనాలు.

మీ పేజీలో మేం ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అది మా కిటికీలోంచి కనబడుతోంది, అంతే. ఈ పట్టీ వల్లే మీ పేజీకి జనం వస్తున్నారని మా మేనేజర్ శ్యామసుందర్ గారి వాదన. శీర్షిక కూడా మాది కాదు. పేజీని నలుగురికీ పంపిన సభ్యులు రాస్తారు. జ్ఞానప్రసూనమ్మ గారు పోయినప్పుడు ఎవరో రాసి ఉంటారు. మీరు కింద కబురు మార్చారు, పైన శీర్షిక అలాగే ఉండిపోయింది. ఒక్కో కబురుకి ఒక్కో పేజీ పెట్టండని ఎన్నిసార్లు చెప్పాను? ప్రస్తుతానికి ‘పైన ఉన్నది మాది కాదు’ అని మీ పేజీలోనే ఒక ముక్క రాయండి.

మీ ఎబెన్

తా.క. ఇన్లాండు విప్పబోతే మీ సంతకం చిరిగిపోయింది. కోపాన్ని బట్టి మీరేనని పోల్చుకున్నాను.

•

భిలాయి

ఎబెన్‌కు, దీవెనలు. ఈసారి కాస్త తక్కువే.

నువ్వు చెప్పినట్టే జూడీ ఫోటో పైన ‘ఈ పైనున్న మాటలు మావి కావు, నమ్మకండి’ అని పెద్ద అక్షరాలతో రాశాను. మీ సైటు మీదుగా వచ్చినవాళ్ళకి పైన మీ పట్టీ ఉంటుంది. నేరుగా వచ్చినవాళ్ళకి పైన ఉన్నది మన పేజీ నెత్తిన ఎప్పుడూ ఉండే బైబిలు వాక్యమే. పాస్టరుగారు నేరుగా వచ్చారు. ఆదివారం నన్ను కానుకల సంచి పట్టనివ్వలేదు.

అదీ ఓర్చుకున్నాను. నిన్న ఇమ్మాను తల్లి భాగ్యవతి గారు ఫోన్ చేసింది. “మా గనుల కాలనీకి పిల్లనివ్వడం మీకంత ఏడుపేటి అన్నయ్యగారూ? మీ సెక్టర్‌వోళ్ళందరూ ఏడుపు బొమ్మలెట్టినారు. ముందే చెప్తే మేం వచ్చీవోళ్ళం కాదు కదా” అంది. ఈ సంబంధం పోతే జూడీ ముఖం ఎలా చూడను? పిల్ల అన్నం తినదు, మాట్లాడదు. అవమానం తట్టుకోలేకపోతోంది పాపం. ఆ శీర్షిక రాసినవాడి పేరు చెప్పు. ఠాణాకి వెళ్తాను.

దేవానందం

తా.క. ఏడుపు బొమ్మల్లో ఒకటి మీ పిన్నిదే. మన చర్చి కబురు కదా, ఏదో ఒకటి నొక్కాలని నొక్కిందట.

•

హైదరాబాదు

చిన్నాన్న గారికి,

దయచేసి ఠాణాకి వెళ్ళకండి. ఒకరి పేజీ నెత్తిన ఇంకొకరి మాట పెట్టి, ‘ఆ మాట మాది కాదు’ అని తప్పుకోవడం ఏం న్యాయమని శ్యామసుందర్ గారితో వాదించాను. జనం వస్తున్నారు కదా అన్నారు. వచ్చి ఏడుస్తున్నారు కదా అన్నాను. మీ పేజీ వరకు పట్టీ తీయడానికి ఒప్పుకున్నారు.

రాసినవారి పేరు బయటపెట్టకూడదు. ఒక్కటి మాత్రం చెబుతాను. జ్ఞానప్రసూనమ్మ గారి కబురు మా సైట్లో ఎవరూ పంపనేలేదు. ఆ శీర్షిక మీరు శుభవార్త పెట్టాకే పడింది.

మీ ఎబెన్

తా.క. జూడీ ఎలా ఉంది? ముందు అది రాయండి.

•

భిలాయి

చిరంజీవి ఎబెన్‌కు, నిండు దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికి నేను చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాను. జూడీ అడ్డం వచ్చింది.

“ఠాణా దేనికి నాన్నా? అది రాసింది నేనే. ఫ్రెండ్స్‌కి పంపినాను. నర్సింగు ఆఖరి సాలు చదువు ఉంది, అయ్యేవరకు పెళ్ళొద్దని ఎన్నిసార్లు బోలినాను మీకు? మీరు టైపు చేస్తా ‘రుకో బేటీ, రుకో’ అన్నారు.”

నిజమే, ఆగమనే అన్నాను. అప్పుడు నేను టైపు చేస్తున్నది ఆ శుభవార్తే. కోపం వచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. అవే చెప్పులతో నందిని గనుల కాలనీకి వెళ్ళి భాగ్యవతి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె, “పిల్ల చదువు అవనివ్వండి. అప్పటికి దానికి ఇష్టమైతే దాన్నే ఫోన్ చెయ్యమనండి. మీరు చెయ్యొద్దు” అంది. టీ మాత్రం ఇచ్చింది.

ఫోటో తీసేశాను. పట్టీ తీయించడానికి తొందరేమీ లేదు.

నీ చిన్నాన్న దేవానందం

తా.క. అయినా తప్పు తప్పే కదా. “నన్నడక్కుండా నా పేజీ మీద నీ మాట ఎలా పెడతావే?” అని జూడీని నిలదీశాను. “నన్నడిగే నా ఫోటో మీద శుభవార్త అని రాసినారా నాన్నా?” అంది. నువ్వు అలాంటి ఆఫీసులోనే పనిచేస్తున్నావు కదా, దీనికేం జవాబు చెప్పాలో రాయి.