వరుసగా రెండు రాత్రులు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నా కోపం మరీ కులాసాగా ఉంది. అమ్మ మోకాలి సంగతి అడిగావు, మెట్లెక్కుతోంది. ఫోనెందుకు ఎత్తడం లేదనీ అడిగావు. నోరు విప్పితే తిట్లే వస్తాయి, అందుకే రాస్తున్నాను.

మా వార్డులో రాత్రి డ్యూటీకి ముగ్గురం నర్సులం, రాత్రికొకరం. ఒకే మనిషి వరుసగా రెండు రాత్రులు చెయ్యకూడదన్న నియమం ఏడాది కొట్లాడి సాధించుకున్నాం. ఆసుపత్రివాళ్ళు డ్యూటీ పట్టికల పని మీ కంపెనీకిచ్చారు. ఆ నియమంతో వారానికి ఒక్క పట్టికా కుదరదు, సున్నా అని నువ్వు నివేదిక ఇచ్చావు.

నేను మళ్ళీ లెక్కేశాను, సెలవులకొచ్చినప్పుడు నువ్వు నేర్పిన పద్ధతిలోనే. "వారమంతా ఒకేసారి చూడకక్కా. నిన్నటి రాత్రి ఎవరితో ముగిసిందో అదొక్కటే గుర్తుంచుకో" అన్నావు కదా. ఈ రాత్రి నాది కావాలంటే, నిన్న మిగతా ఇద్దరితో ముగిసిన వరుసలన్నీ కలుపుకోవాలి. అంతే. అలా ఒక్కో రాత్రీ పేర్చుకుంటూ పోయాను. చదువుకుంటున్న చిన్న సిస్టరు బుధవారం రాదు, అక్కడ ఆమెకు సున్నా వేశాను. అయినా వారం చివరికి నూట ఇరవై ఎనిమిది పట్టికలు తేలాయి!

మరి నీ సున్నా ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కిందటివారం నిలదీస్తే నసిగావు: "ఒక్కొక్కరి రాత్రులన్నీ పక్కపక్కనే ఉండాలని ఆసుపత్రివాళ్ళే షరతు పెట్టమన్నారక్కా. నాదేముంది?"

వరుసగా రెండు వద్దు, ఉన్నవన్నీ పక్కపక్కనే కావాలి! అంటే మనిషికి ఒక్క రాత్రే. ముగ్గురితో ఏడు రాత్రులు ఎలా నిండుతాయిరా? కూడికలో తప్పు చెయ్యలేదు నువ్వు, ప్రశ్ననే మార్చేశావు. లెక్కకు పక్షం లేదంటారు మీ పెద్దమనుషులు. షరతులు రాసే చేతికుంటుంది!

ఇంతసేపూ ఒకటి దాచాను. నీ నివేదికను మీటింగులో మా నర్సులు నమ్మలేదు. "మా తమ్ముడు లెక్క తప్పడు, నా మాట మీద చెయ్యెత్తండి" అని నియమం ఎత్తేయించింది నేనే. వరుసగా మూడో రాత్రి చేసి, నిద్రమత్తులో చిన్న సిస్టరు మెట్ల మీంచి పడింది. మణికట్టు విరిగింది. కట్టు కడుతూ పెద్ద సిస్టరు నాతో, "మీ తమ్ముడి సున్నా గుండ్రంగా బాగుందమ్మా, మా నిద్రంతా అందులో పట్టేసింది" అంది.

సోమవారం మళ్ళీ మీటింగు. బోర్డు మీద రెండు లెక్కలూ వేస్తాను, నువ్వు దాచిన షరతుతో సహా. ఎవరు దాచారని అడుగుతారు. నువ్వొచ్చి చెప్తే నా పక్కన కుర్చీ ఉంటుంది. రాకపోతే నీ పేరు నేనే చెప్తాను.

అమ్మకీ సంగతి చెప్పాను. "రాకపోతే వాడి పేరు చెప్పు" అంది.

ఇట్లు,
కోపం తీరకపోయినా
నీ అక్క