గింజలు కదలని చోటు

జగదల్‌పూరు

తహసీల్దారు గారి సముఖమునకు,

తమకు తెలుగు వచ్చునని విని ధైర్యం చేసి రాస్తున్నాను.

కొత్త బస్తీలో చవకగా ఇస్తున్న స్థలాల్లో పదిహేడో నంబరు వద్దన్నాడని, మా కొట్టు హమాలీ మాసా పేరును కచేరీ గుమాస్తా కొట్టేశారు. మాసాకు ఇల్లు కావాలి. వాళ్ల ఆచారం ప్రకారం ఆ నేలమీద రెండు బియ్యపు గింజలు ఆనించి, పైన దొన్నె బోర్లించాడు. తెల్లారి చూస్తే గింజలు విడిపోయాయట.

"ఆడ ఇల్లేస్తే పిల్లలు దక్కరు సావుకారి, ఇంకోటి ఇయ్యమను" అన్నాడు. ఇప్పటికే ఇద్దరిని పోగొట్టుకున్నవాడు.

నాకొచ్చిన పద్దెనిమిదిలో పెట్టి చూస్తే గింజలు కదలలేదు. అది మాసాకిచ్చి, పదిహేడు నాకిప్పించండి. నాకు ఇలాంటి పట్టింపులు లేవు.

విచారణకు మా ఇంటికొస్తే మాత్రం, గింజల సంగతి మా ఆవిడ ముందు ఎత్తకండి.

ఇట్లు,
అద్దె కొట్టు వెనక కాపురమున్నవాడు