చిన్నిని తూచకుండా రాసిన బరువు

రమణక్కకు, చెల్లెలు వెంకటలక్ష్మి మొక్కి రాస్తున్న ఉత్తరం.

బావ, అమ్మ, నాయన, నీ పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాయన గొర్రెలకు మేత ఎక్కడైనా దొరుకుతోందా, లేక అమ్మేస్తానని ఇంకా అందరినీ బెదిరిస్తున్నాడా? మేమిక్కడ క్షేమం అని రాయాలి. ఆ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊకొడతాను. చిన్నప్పటి నుంచీ అంతే కదా. పోయినసారి నేను ఊకొట్టలేదని నువ్వు ఫోను పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఎంత కోపం వచ్చినా చివరిదాకా చదువు.

మాకు ఈ పట్నంలో పని బాగానే దొరుకుతోంది. మీ మరిది పదమూడో అంతస్తులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నేను కింద ఇసుక జల్లిస్తాను, ఇటుకలు మోస్తాను. దీపావళి తర్వాత ముదిగుబ్బలో బస్సెక్కినప్పుడు నాలుగు నెలలు చేసి తిరిగి వద్దామనుకున్నాం. శనక్కాయ పంట పెట్టుబడి కూడా తిరిగి ఇవ్వలేదని నీకు తెలియనిది కాదు. ఇప్పుడిక్కడ సాయంత్రమైతే వాన. మన దగ్గర ఆ వానలో పావు వంతు పడి ఉంటే ఈ రేకుల షెడ్డులో మాకేం పని? వాన పడితే షెడ్డు ముందంతా బురద, పడకపోతే లోపల పెనం మీద కూర్చున్నట్టు ఉంటుంది. పక్క షెడ్లలో బీహారు వాళ్లు, రాయచూరు వాళ్లు. పొద్దంతా ఎవరితోనూ నాలుగు మాటలుండవు. రాగి సంగటి చేస్తున్నాను కానీ ఈ పిండికి మన రుచి లేదు. చిన్ని రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుంటుంది.

చిన్నిని పొద్దంతా దాని అక్క మంజులే చూసుకుంటోంది. ఏడో తరగతి మధ్యలో ఆ పిల్లను బడి మాన్పించి తెచ్చుకున్నాను. ఆడపిల్లల హాస్టలు బడిలో వేయి, నేను చూసుకుంటానని నువ్వు చెప్పావు. నేను వినలేదు. చిన్నిని ఎవరు పట్టుకుంటారని అన్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. ఇక నీ తప్పు చెబుతాను, విను.

ఇక్కడికి రెండు వీధుల అవతల ఒక అంగన్‌వాడీ ఉంది. చిన్నిని అందులో వేస్తే మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పాలు దొరుకుతాయి, మంజుల పక్కనే ఉన్న బడికి పోవచ్చు అని నా ఆలోచన. ఒక పూట పని మానుకుని తీసుకెళ్లాను. అక్కడి టీచరమ్మ పావగడ వైపు మనిషి, మన తెలుగే మాట్లాడుతుంది. మంచిది. చిన్నిని చూడగానే, ముందు తూకం వేద్దాం రా అంది. తొమ్మిది కిలోల నాలుగు వందలు వచ్చింది. రెండోసారి వేసింది. అంతే వచ్చింది. మూడేళ్లు నిండిన పిల్లకు ఇది ఎరుపు గీత కింద బరువని చెప్పింది. తర్వాత నా ఆధారు నెంబరు ఫోనులో కొట్టింది. కొట్టి, నా ముఖం వైపు చూసింది.

"ఏమమ్మా, ఈ పాప పేరు మీ ఊరి అంగన్‌వాడీలో ఉండాది. మొన్ననే తూకం వేసినట్లు ఉండాది. పన్నెండున్నర కిలోలంట. నా తూకం అబద్ధమా, మీ ఊరోళ్లది అబద్ధమా?"

ఫోను నా వైపు తిప్పమన్నాను. నెలనెలా పెరిగిన బరువును ఆమె వేలు పెట్టి చూపించింది. దీపావళికి పదకొండు. సంక్రాంతికి ఇంకొంచెం. శివరాత్రికి ఇంకొంచెం. చుక్క చుక్కకూ ఆకుపచ్చ రంగు. ఇక్కడ నా బిడ్డ ఎముకలు తేలిపోతుంటే అక్కడ నువ్వు నడిపే అంగన్‌వాడీ ఫోనులో బొద్దుగా పెరుగుతోంది. అక్కడ పేరు తీసేస్తే తప్ప ఇక్కడ చేర్చుకోవడానికి వీల్లేదని చెప్పింది. ఎరుపులో ఉన్న పిల్లలకు వేరుగా ఆహారం ఇస్తారట, పెద్ద డాక్టరుకు చూపిస్తారట. ఆకుపచ్చలో ఉన్న పిల్లకు ఎందుకిస్తారు? జాలిపడి ఆరోజు చిన్నికి ఒక గుడ్డు పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని తింది. పెంకు ఒలిచే దాకా కూడా ఆగలేదక్కా.

ప్రతి నెలా నువ్వు ఫోను చేసి, నీ ఫోనుకు ఒక నెంబరు వచ్చింటాది చెప్పు అనేదానివి. సిమెంటు చేతులతోనే చూసి చెప్పేదాన్ని. ఆ నెంబరుతో చిన్ని పేరు మీద రేషను తీసుకుంటున్నావని తెలుసు. ఆ గుడ్లు, పాలు అమ్మకు ఇస్తున్నావనీ తెలుసు. తెలిసి సంతోషించాను కూడా. అమ్మ తిన్న గుడ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, గుడ్ల సంగతి ఆమెతో అనకు. మేము తిరిగి వచ్చేదాకా పేరు నిలబెడుతున్నావనుకున్నాను. బిడ్డను చూడకుండా బరువు కూడా రాస్తున్నావని మాత్రం నాకు తెలియదు. నీకు నెంబరు చెప్పిన నోరు నాదే.

ఆ సాయంత్రమే నీకు ఫోను చేశాను. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, నాకు ఒక్క అక్షరం కూడా మరుపు రాలేదు.

"పిల్లోళ్లు తగ్గితే సెంటరు ఇంకో ఊర్లో కలిపేస్తామంటాండారు. పేరుండాలంటే తూకం రాయల్ల. ఎరుపు పెడితే సూపర్‌వైజరు మేడం నన్ను నిలబెట్టి తిడతాది. అందుకే ఆకుపచ్చ పెట్టినాను, అంతే. నీ బిడ్డకు నేనేం తక్కువ చేసినా?"

ఏం తక్కువ చేశావా? మూడు కిలోలు తక్కువ చేశావు. నువ్వు పరాయిదానివైతే ఇంత మంట ఉండేది కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. మా కర్మ, ఆ పూజారి మా ఇంటి మనిషే.

నువ్వు ఎప్పుడూ ఇలాంటిదానివి కాదు. అందుకే నాకు ఇంత కోపం. మంజుల పుట్టిన కొత్తలో నువ్వు ఉద్యోగంలో చేరావు. తూకం రోజున దాన్ని ఉయ్యాల తక్కెడలో వేసి, మళ్లీ బయటికి తీసి, కాలి కడియాలు తీసేయమన్నావు. నేను నవ్వితే కోప్పడ్డావు. "కడియాల బరువు బిడ్డ బరువు గాదు" అన్నావు. గుడ్డు వేడి చేస్తుందని వద్దన్న అత్తల ఇళ్లకు వెళ్లి, గడపలో కూర్చుని, కోడళ్ల చేత తినిపించి వచ్చిన మనిషివి. పొలాల్లో, బండల మీద నడిచి గొర్రెల వెంట పోయిన పిల్లలను పట్టుకొచ్చి తూచినదానివి. ఆ మనిషి ఎక్కడికి పోయింది? మేడం తిడితే తిట్టనీ. మాకు ఇక్కడ మేస్త్రీ రోజూ తిడతాడు. తిట్లు తిని ఎవరూ చావలేదు.

మంజుల పేరు కూడా నీ కిశోర బాలికల పుస్తకంలో ఉంది కదా. సంక్రాంతి ముందు పెద్దమనిషి అయింది. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఒక్క ఐరన్ మాత్ర కూడా మింగలేదు. మొన్న కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి కళ్లు తిరిగి కూలబడింది. నీ పుస్తకంలో అది ఎన్ని మాత్రలు మింగిందో అడగడానికి కూడా నాకు భయంగా ఉంది.

మీ మరిదితో చెబితే, అక్కచెల్లెళ్ల మధ్య ఎందుకులే, ఊరికి పోయాక చూసుకుందాం అన్నాడు. నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. పేరు తీసేశానని నువ్వు ఫోను చేస్తావని పది రోజులు చూశాను. నువ్వు ఫోను చేయలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నావు. మొన్న చిన్ని తల దువ్వుతూ మంజుల అడిగింది.

"పెద్దమ్మ ఆ పేరు తీసేస్తే నేను బడికి పోవచ్చంట గదా. ఎప్పుడు తీస్తాదంట?"

నీ మీద ఆ పిల్లకు ఎంత నమ్మకమో చూడు. నువ్వు తీయవని దానికి తోచనే లేదు. నేనేం చెప్పాలి? రేపో మాపో అన్నాను.

నిన్న మళ్లీ టీచరమ్మ దగ్గరకు వెళ్లాను. నీ అంతట నువ్వు తీయకపోతే ఇంకో దారి ఉందేమోనని అడిగాను. బిడ్డ దీపావళి నుంచి ఇక్కడే ఉందని తల్లి రాసిస్తే, ఆమె వేసిన తూకంతో కలిపి పైకి పంపుతుందట. పైవాళ్లు మన వైపు ఆఫీసుకు రాస్తారు. వాళ్లు వచ్చి నీ పుస్తకాలు చూస్తారు. చూస్తే నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలుసు. బావకు వ్యవసాయంలో ఏం మిగులుతుందో కూడా తెలుసు. అన్నీ తెలిసే రాసిచ్చాను. వెంకటలక్ష్మి అని సంతకం పెట్టాను. 

ఎవరో వచ్చి చెప్పకముందే నా ద్వారా నీకు తెలియాలని ఈ ఉత్తరం. ఆ కాగితం అక్కడికి చేరడానికి రెండు వారాలైనా పడుతుందంటున్నారు. ఈలోగా నువ్వే వెళ్లి, వలస పోయిన పిల్లలకు తప్పు రాశానని మేడంతో చెప్పు. మన ఊరి నుంచి వచ్చిన పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ల పేర్లు కూడా చెప్పు. నీ అంతట నువ్వు చెప్పినదానికీ వాళ్లు పట్టుకున్నదానికీ తేడా ఉంటుంది. చెప్పకపోతే నీ ఇష్టం. నేను రాసిన కాగితం వెనక్కి తీసుకోను.

మంజుల బడి నుంచి టీసీ తీసి పంపు. అది మాత్రం కోపంలో మరిచిపోవద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు శేర్ల శనక్కాయలు, కాస్త ఊరుబిండి పచ్చడి పంపించు. అమ్మకు నొప్పుల నూనె అయిపోతే ఇక్కడి నుంచి పంపుతాను. నాయనను ఎండలో గొర్రెల వెంట పోవద్దని చెప్పు, నేను చెబితే వినడు. బావకు నమస్కారాలు. నీ పిల్లలకు ముద్దులు.

పెద్దదానివి, నీ ఆశీర్వాదం అడగకుండా ఉత్తరం ముగించడం నాకు రాదు. నన్ను ఆశీర్వదించడానికి నీకు నోరు రాకపోతే నన్ను వదిలేయి. చిన్నినీ మంజులనూ మాత్రం మనసారా దీవించు.

నీ చెల్లెలు,
వెంకటలక్ష్మి