ఉప్పు తాగిన పిల్లరు

స్వరూపా, నీ ఫోను ఎప్పటిలెక్కనే ఆఫ్ ఉన్నది. ట్యూషన్ పిల్లల్ని గేటు కాడనే ఆపి ఇండ్లకు పంపు.

పొద్దున పార్కింగ్‌ల మూల పిల్లరు పెచ్చు ఊడింది. లోపల చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగ రాలుతున్నయ్. బోరునీళ్లను మెత్తగ చేసే సాఫ్ట్‌నర్ మిషన్ కడిగినప్పుడల్లా వచ్చే ఉప్పునీళ్లు ఆ పిల్లరు మొదట్లనే పడ్డయ్ కదా. పైపు మోరీ దాంక జరుపుదామంటే, బోనాలయినంక చూద్దామంటివి.

మన కాంక్రీటుల ఫ్లైయాష్ బూడిద కలిసింది, అది ఉప్పును జల్ది లోపలికి రానియ్యదు, అందుకే ఇన్నేండ్లు ఆగిందంట. ఉప్పు చువ్వను ముట్టినంక ఇంక ఆగదని ఇంజనీరు ఫోన్ల చెప్పిండు. ఆయన్ను తోల్కరానీకి వనస్థలిపురం పోతున్న.

మొన్న పడ్డ పగులు చూసి దిష్టి తగిలిందని అమ్మ ఆ పిల్లరుకే గల్లుప్పు మూట కట్టి, రోజూ తడుపుతున్నది. నేను విప్పేసిన, నువ్వు ఆమెనేమనకు. ఆమెను సరూర్‌నగర్ల చెల్లె ఇంట్ల దించిన. నీకు అన్నం ఎదురింటి అండాలమ్మ కాడ పెట్టిచ్చిన, తిను.

మన వంటిల్లు సరిగ్గ ఆ పిల్లరు మీదనే ఉన్నది. అందుకే చీటీ ఫ్రిజ్‌కు అంటించలె, గేటుకు కట్టిన. గేటు తియ్యకు.